నిదానమ్మ కంటికి చిక్కిన సీసం

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ సంగతి మా నాన్న నా అయిదో ఏట కనిపెట్టాడు, మా ఆయన పెళ్ళయిన అయిదో రోజున కనిపెట్టాడు. కాబట్టి నా బిడ్డను కాపాడిన మనిషితో నా పరిచయం తగువుతో మొదలైందంటే నన్నెరిగిన వాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. వాళ్ళను ఆశ్చర్యపరిచింది మరొకటి. ఆ తగువులో నేను ఓడిపోయాను.

ఆవిడ మా ఊరి ఆస్పత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేసేది. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. డాక్టర్ల దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ నిదానమ్మే. ఎవరు తొందరపెట్టినా తలెత్తకుండా "నిదానం" అనేది. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు పది రిపోర్టులు ఇచ్చేలోపు ఈవిడ ఆరు ఇచ్చేది. నిదానమే ప్రధానం అన్న పెద్దలు ఈవిడ దగ్గర రిపోర్టు కోసం ఒక్కసారి కూడా కాచుకుని ఉండరని వరండాలో కూర్చున్నవాళ్ళు నవ్వుకునేవారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను.

ఆవిడ కథ నాకు తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. తల్లి ఆ ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది. ఈవిడ పద్దెనిమిదో ఏట అక్కడే గాజు పలకలు కడిగే పనిలో చేరింది. గాజు పలక అంటే వేలెడంత బిళ్ళ. దాని మీద రక్తం చుక్కను పలచగా పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. అప్పట్లో అక్కడ పరీక్షలు చేసే ముసలాయన, పలక మీద మరక మిగిలిందంటే ముక్కచివాట్లు పెట్టేవాడట. ఒకరోజు ఈవిడకు ఒళ్ళు మండి, మరకెక్కడుందో చూపిస్తే కడుగుతానంది. ఆయన మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి చూపించాడు. మరక సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఈవిడ ఆ రోజు మొదటిసారి మనిషి రక్తాన్ని దగ్గరగా చూసింది, ఇక అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

పన్నెండేళ్ళపాటు పలకలు కడుగుతూనే, మధ్యాహ్నం భోజనం వేళ అరగంటా ఆ కుర్చీలో గడిపింది. ఇద్దరు పిల్లల్ని కని, వాళ్ళను పెంచుకుంటూ ల్యాబు ఉద్యోగానికి కావలసిన పరీక్షకు కట్టింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కినప్పుడు ముసలాయన సంతోషించాల్సింది పోయి, ఇక నా పలకలు ఎవరు కడుగుతారని దిగులుపడ్డాడట. ఈ మాట చెప్పేటప్పుడల్లా నిదానమ్మ నవ్వేది, వెంటనే కళ్ళజోడు తీసి తుడుచుకునేది.

కొన్నేళ్ళకు ఆ గదిలోకి మెషీన్ వచ్చింది. గొట్టంలో రక్తం పెడితే నిమిషంలో అంకెలన్నీ కాగితం మీద పడతాయి. పలకలు పూసే పని దాదాపు అందరూ మానేశారు. ఈవిడ మాత్రం రక్తం తక్కువగా ఉన్న ప్రతి మనిషిదీ ఒక పలక పూసి, కంటితో చూసి గాని సంతకం పెట్టేది కాదు. ఆలస్యం అవుతోందని పైనుంచి రెండుసార్లు కాగితం వచ్చిందట. రెండింటినీ చదివి, మడిచి, ఊగుతున్న బల్లకాలు కింద పెట్టింది. మెషీన్ ఎన్ని ఉన్నాయో చెబుతుంది గాని ఎలా ఉన్నాయో చెప్పదని ఆవిడ వాదన. నన్నడిగితే మనుషుల విషయంలోనూ అంతే.

ఆవిడ భర్త దర్జీ. నోట్లో డజను గుండుసూదులు పెట్టుకుని ఊరి కబుర్లన్నీ చెప్పగల ఘనుడు. సూదిలో దారం ఎక్కించడానికి దాన్ని పెదాలతో తడిపేవాడు. ఇరవై ఏళ్ళు చెప్పి చెప్పి ఆవిడ నోరు పడిపోయింది గాని ఆయన నోట్లోంచి సూదులు పడలేదు. ఆ విసుగుతోనే కాబోలు, ఆవిడకొక అలవాటు పట్టుకుంది. ఏ పనివాణ్ణి చూసినా ముందు మూతి వంక చూసేది. వడ్రంగి మేకులు పెట్టుకుంటాడు, గుమాస్తా పెన్ను పెట్టుకుంటాడు, తాళాలు బాగుచేసేవాడు తాళంచెవి పెట్టుకుంటాడు. చేతులు రెండే ఇచ్చాడు దేవుడు, మూడో చెయ్యి నోరే అనేది.

ఇక నా సంగతి. నేను బోర్డులు రాస్తాను. మా నాన్న రాసేవాడు, ఆయన దగ్గర నేర్చుకున్నాను. ప్లాస్టిక్ బోర్డులు వచ్చాక మా పని సగానికి సగం పోయింది. అయినా షట్టర్ల మీదా, లారీల వెనకా, గాజు తలుపుల మీదా, బడి గోడల మీదా చేత్తో రాయించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంటి ముందు గదే నా పనిగది. మా ఆయన బోర్డులకు ఇనుప చట్రాలు వెల్డింగ్ చేస్తాడు. అలా చట్రం తెచ్చి ఇవ్వడానికి వచ్చి నాకు దొరికిపోయాడు.

మా పనిలో ఒక కిటుకుంది. అక్షరం పొట్ట ఎవడైనా రాస్తాడు. అక్షరం తోక సన్నగా, వణకకుండా దిగాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. గుడ్డతో తుడిస్తే వెంట్రుకలు చెదురుతాయి. వేళ్ళతో నొక్కితే మొన మొద్దుబారుతుంది. పెదాల మధ్య పెట్టి ఒక్కసారి సున్నితంగా లాగితేనే కుదురుతుంది. మా నాన్న దాన్ని కుంచెకు ముద్దు పెట్టడం అనేవాడు. నా తొమ్మిదో ఏట మొదటి కుంచె చేతికిస్తూ ఆయన నేర్పిన మొదటి పాఠం అది. రోజుకు నలభై యాభై ముద్దులు. మా ఆయన దీని మీద చాలా జోకులు వేశాడు, అవి ఇక్కడ రాయను.

రంగు కూడా మా నాన్నదే. డబ్బాల్లో దొరికే పసుపు ఎండకు రెండేళ్ళలో పాలిపోతుందని, ఆయన పొడి రంగు తెచ్చి, నూనె పోసి, రాతి పలక మీద నూరి సొంతంగా కలిపేవాడు. ఆ పసుపు పదేళ్ళయినా నిగనిగలాడేది. ఆయన పోయాక మిగిలిన పొడి డబ్బాను నేను బంగారంలా వాడుకున్నాను. అది సీసం కలిసిన పొడి అని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పెళ్ళయిన ఆరేళ్ళలో నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నాలుగు నెలలు దాటింది. మా ఆయన గుమ్మం దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకునేవాడు. మూడు మెట్లకు కూడా. నాకు మాత్రం ఒంట్లో ఏమీ బాగుండేది కాదు. ఉండుండి పొట్ట మెలిపెట్టేది, తలనొప్పి, మలబద్ధకం, నిచ్చెన రెండు మెట్లెక్కితే ఆయాసం. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనని చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ధైర్యం చెప్పారు. రక్తం తక్కువగా ఉందని రెండో నెలలోనే డాక్టరమ్మ ఇనుము మాత్రలు ఇచ్చింది. రెండు నెలలు మింగాను. రక్తం ఇంకా తగ్గింది. మళ్ళీ పరీక్షకు ఇచ్చాను.

రిపోర్టు ఆ సాయంత్రమే రావాలి, రాలేదు. మర్నాడు పదకొండింటికి వెళితే నా తర్వాత వచ్చినవాళ్ళందరూ కాగితాలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. పన్నెండు దాటేసరికి కిటికీ దగ్గరికి వెళ్ళి నోటికొచ్చినట్టు అన్నాను. నిద్రపోతూ జీతాలు తీసుకుంటారని కూడా అన్నాను. వరండా అంతా విన్నది. లోపలి నుంచి నిదానమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి, నా అరుపులు పట్టించుకోకుండా నా మూతి వంకా, వేళ్ళ వంకా చూసింది. గోళ్ళ అంచుల్లో ఎంత కడిగినా పోని పసుపు ఉంటుంది నాకు.

"పని చేసేటప్పుడు నోట్లో ఏం పెట్టుకుంటావమ్మాయ్?" అని అడిగింది.

పొగాకు నములుతానని అనుమానిస్తోందనుకున్నాను. నా కోపం నషాళానికి అంటింది. నా నోటితో మీకేం పనని అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. తన భర్త సూదులు పెట్టుకుంటాడనీ, ఒక్కొక్కళ్ళు ఒక్కొక్కటి పెట్టుకుంటారనీ, నేనేం పెట్టుకుంటానో తెలిస్తే రిపోర్టు మీద సంతకం పెడతాననీ నెమ్మదిగా చెప్పింది. కుంచె అన్నాను.

ఆవిడ నన్ను లోపలికి పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పింది. నా రక్తాన్ని నిన్నటి నుంచి మూడు పలకల మీద పూసి చూసిందట. ఎర్రకణాల్లో సన్నటి నీలం చుక్కలున్నాయి, ఇసుక చల్లినట్టు. ఉత్త రక్తహీనతలో అన్ని ఉండవు. అలాంటివి కనిపించడానికి రెండు మూడు కారణాలుంటాయి, అందులో ఒకటి సీసం. ఆ కుంచె నోట్లో పెట్టడం ఇవాళే మానెయ్యమంది.

నేను లేచి నిలబడ్డాను. నా విద్యను, నా నాన్నను ఒక్కసారే తప్పుపట్టినట్టు అనిపించింది.

"మా నాన్న ముప్పై ఏళ్ళు ఇలాగే రాశాడు. ఆయనకేం కాలేదు" అన్నాను.

"మంచిదే. ఇప్పుడెలా ఉన్నాడు?"

"పోయాడు."

"ఎలా పోయాడు?"

మా నాన్న కుడి చెయ్యి చివరి ఎనిమిదేళ్ళు మణికట్టు దగ్గర వాలిపోయి ఉండేది. వేళ్ళు కదిలేవి గాని చెయ్యి పైకి లేచేది కాదు. నరాల జబ్బన్నారు, వయసన్నారు, ఎవరో దిష్టన్నారు. పొట్టనొప్పి వస్తే మోకాళ్ళు ముడుచుకుని పడుకునేవాడు. నేను ఆయన చేతిని నా చేత్తో ఎత్తి పట్టుకుంటే, ఆయన కుంచె పట్టుకుని ఒక్కో అక్షరం రాసేవాడు. ఏమీ కాలేదని అప్పటిదాకా నేను నిజంగానే నమ్మాను. ఆయనకు జరిగినదంతా నా కళ్ళముందే జరిగింది, దానికొక కారణం ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఇదంతా ఆవిడకు చెప్పానో లేదో గుర్తులేదు. ఏడ్చినట్టు గుర్తు. ఆవిడ మంచినీళ్ళు ఇవ్వబోయి, ముందు చేతులు సబ్బుతో కడుక్కోమంది. కడుక్కున్నాక గోళ్ళు చూసి, మళ్ళీ కడుక్కోమంది.

సీసం పరీక్ష అక్కడ చేయరు. వేరే గొట్టంలో రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపారు. తొమ్మిది రోజులకు అంకె వచ్చింది, నలభై ఆరు. మామూలు మనిషికి అయిదు దాటితేనే ఆరా తీస్తామని డాక్టరమ్మ చెప్పింది. నాకు అర్థమైంది ఒక్కటే. అడిగింది కూడా ఒక్కటే. లోపల బిడ్డకు చేరిందా?

డాక్టరమ్మ నీళ్ళు నమలలేదు. చేరుతుంది అంది. తల్లి రక్తంలో ఉన్న సీసాన్ని మాయ ఆపలేదు. పెరిగే మెదడుకు అది చేటు. ఒంట్లో సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపే మందులున్నాయి గాని, నా పరిస్థితిలో అవి ఇవ్వడం మంచిదా కాదా అని ఆవిడ పెద్ద ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడింది. చివరికి మందు వద్దనుకున్నారు. రావడం ఆపాలి, రక్తంలో ఉన్నదాన్ని దిగనివ్వాలి, ఇనుమూ కాల్షియమూ బాగా పడాలి. ఇంకా అయిదు నెలలు టైముంది.

మర్నాటి ఆదివారం పొద్దున్నే నిదానమ్మ మా ఇంటి ముందు నిలబడి ఉంది, చేతిలో బకెట్టుతో. ఎవరూ రమ్మనలేదు. అది ఆవిడ డ్యూటీ కాదు. ఆవిడ నా పనిగదిలో అడుగుపెట్టగానే నేను చీపురు అందుకున్నాను, వచ్చిన మనిషికి ఇల్లు శుభ్రంగా కనబడాలని. ఆవిడ నా చేతిలోంచి చీపురు లాక్కుంది. పొడిగా ఊడిస్తే లేచిన దుమ్మంతా ఊపిరిలోకి పోతుందట. పాత బోర్డులు గీకేటప్పుడు లేచే పొడి కూడా అంతే. అన్నీ తడిగుడ్డతో తుడవాలి. ఆ రోజు తనూ మా ఆయనా కలిసి ఆ గదిని మూడుసార్లు తుడిచారు, నన్ను గుమ్మం బయట కుర్చీలో కూర్చోబెట్టి. నేను భోజనం చేసే బల్లా రంగులు కలిపే బల్లా ఒకటే అని తెలిసినప్పుడు ఆవిడ మా ఆయన వంక చూసిన చూపు ఆయనకు ఇప్పటికీ గుర్తు.

తుడుస్తూనే చెప్పింది, అది ఒంట్లో ఎలా తిరుగుతుందో. నోట్లోంచి కడుపులోకి పోతుంది, ఖాళీ కడుపైతే ఒళ్ళు ఇంకా ఎక్కువ లాగేసుకుంటుంది. నేను పొద్దున్న ఏమీ తినకుండా పనికి కూర్చునేదాన్ని. అక్కడి నుంచి రక్తంలోకి. రక్తంలో నెల రెండు నెలలు తిరుగుతూ కొంత మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకలకు చేరుతుంది. మన ఒంటికి సున్నానికీ సీసానికీ తేడా తెలియదని, కాల్షియం అనుకుని ఎముకలో పెట్టి దాచుకుంటుందని చెప్పింది. దొంగను అల్లుడనుకుని పీట వేసినట్టు అంది.

మా నాన్న పసుపు డబ్బా దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. మూత గట్టిగా బిగించి, ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్ళే బండికి ఇచ్చెయ్యాలంది. నేను ఒప్పుకోలేదు. అది మా నాన్న అన్నాను. ఆవిడ గోడ మీద ఉన్న ఫొటో చూపించి, అది ఉంది కదా, దాన్ని చూసుకో అంది. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. డబ్బా ఇచ్చేశాను. ఆ రోజు నుంచి మేడమ్ అనడం మానేసి పిన్నీ అని పిలవడం మొదలుపెట్టాను. ఆవిడ దాన్ని పట్టించుకున్నట్టు కనబడలేదు గాని, వెళ్ళేటప్పుడు "పాలు తాగుతున్నావా?" అని అడిగిన గొంతు వేరుగా ఉంది.

పని ఆపేశాను. ఒప్పుకున్న బోర్డులు వేరేవాళ్ళకు అప్పగించాం. ప్రతి నెలా ఆవిడే రక్తం తీసేది. ముప్పై మూడు. ఇరవై అయిదు. ఇరవై. పొట్ట మెలిపెట్టడం తగ్గింది, రక్తం పెరిగింది, ఆకలి పెరిగింది. బిడ్డ కదలడం మొదలుపెట్టింది. ఇక గండం గడిచిందని మా ఆయన మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

ఎనిమిదో నెలలో అంకె ఇరవై నాలుగుకు ఎక్కింది.

డాక్టరమ్మ కాగితం చూసి, మళ్ళీ పని మొదలుపెట్టారా అని అడిగింది. లేదన్నాను. కుంచె ముట్టుకోలేదా అంది. లేదన్నాను. ఆవిడ మా ఆయన వంక చూసింది. ఆయన నేల వంక చూశాడు. పగలంతా తను బయట ఉంటాడు, ఇంట్లో ఏం జరిగిందో తనకేం తెలుసన్నట్టు. నా గుండె మండిపోయింది. ఎదురింటి బోర్డు మీద తోక వంకరగా దిగిన అక్షరాన్ని నాలుగు నెలలుగా రోజూ చూస్తూ, చెయ్యి దురద పెడుతున్నా, కుంచె పెట్టె తాళం తీయలేదు నేను.

రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నిదానమ్మ అప్పుడు నోరు విప్పింది.

"ఆ అమ్మాయి పోట్లాడుతుంది గానీ అబద్ధం ఆడదు మేడమ్. ఇది బయటి నుంచి వచ్చింది కాదు. లోపల ఉన్నదే కదిలింది."

తర్వాత నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, ఎన్నేళ్ళ వయసు నుంచి కుంచె నోట్లో పెడుతున్నానో అడిగింది. తొమ్మిదో ఏట నుంచి అన్నాను. ఇరవై రెండేళ్ళ సీసం నీ ఎముకల్లో ఉంది అంది. ఎనిమిదో నెలలో బిడ్డకు ఎముకలు గట్టిపడతాయి. దానికి కావలసిన కాల్షియం తల్లి తినే తిండిలో చాలకపోతే, తల్లి తన ఎముకను కరిగించి ఇస్తుంది. ఎముక కరిగితే దాంతోపాటు దాచుకున్న సీసమూ రక్తంలోకి వస్తుంది. ఎవరి తప్పూ కాదంది.

"నీ ఒళ్ళు బిడ్డకి పెట్టాలని చూస్తోందమ్మాయ్. నువ్వు బాగా తిని దాని చేతిలో పెట్టు, ఎముకల జోలికి పోనివ్వకు."

ఆ రోజు ఇంటికి వచ్చి గోడ మీద మా నాన్న ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. నాకు రాని కోపం అదొక్కటే. ఆయన తన దగ్గరున్న ఒకే ఒక్క విద్యను ప్రేమగా నా చేతిలో పెట్టాడు. దాంతో ఏం వచ్చిందో ఆయనకు తెలియదు. మా ఆయన మీద కోపం మాత్రం మూడు రోజులుంది. నాలుగో రోజు ఆయన నన్ను అనుమానించినందుకు క్షమించమని అడగలేక, మూడు లీటర్ల పాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ కాల్షియం మోతాదు పెంచింది. నేను భయంతో మంచం ఎక్కి కూర్చుంటే నిదానమ్మ వచ్చి లేపింది. పడుకుంటే ఎముక ఇంకా కరుగుతుందట. రోజూ డ్యూటీ దిగాక వచ్చి నన్ను నడిపించేది, బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి. దారిలో షట్టర్ల మీద నేను రాసిన అక్షరాలు చూపించేదాన్ని. ఆవిడ ప్రతిదాని దగ్గరా ఆగి, కళ్ళజోడు సర్దుకుని, చుట్టూ తిరిగి చూసేది. రోడ్డు మీద కూడా ఆవిడకు నిదానమే. ఒకసారి ఒక మందుల షాపు బోర్డు మీద నేనే గమనించని ఒక తప్పు పట్టుకుంది. చుక్క ఒకటి ఎక్కువ పడింది.

ఆ నెలాఖరున ఆవిడ రిటైరైంది. ముప్పై తొమ్మిదేళ్ళ ఉద్యోగం. పూలదండ వేశారు, ఫొటో తీశారు. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి వచ్చేసిందని విన్నాను. నా కాన్పుకు ఇంకా మూడు వారాలుంది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులో రక్తం తీసి పరీక్షకు పంపితే తప్ప బిడ్డకు ఎంత చేరిందో తెలియదు. ఆ రక్తం తీయాల్సింది అదే నిమిషంలో, సీసం పరీక్షకు పనికొచ్చే గొట్టంలోనే. ఆ నిమిషం దాటితే తాడు చెత్తలో పడుతుంది. అప్పుడు నేనుంటానులే అని ఆవిడ చెప్పింది.

ఆవిడ రిటైరైన నాలుగో రోజు పొద్దున్న ఎనిమిదింటికి నాకు నొప్పులు మొదలయ్యాయి. నిదానమ్మ, ఆ రోజే, కొడుకు ఇంటికని బస్సెక్కి వెళ్ళింది. పది గంటలకల్లా కాన్పు గదిలో ఉన్నాను. ఆ నొప్పుల మధ్యలో నేను నర్సును పట్టుకుని తాడు రక్తం, తాడు రక్తం అని అరుస్తూనే ఉన్నానట. ఆ నర్సు నా నుదురు తుడిచి, మందుల బీరువా తలుపు లోపలివైపు చూపించింది. అక్కడ టేపుతో అంటించి ఒక గొట్టం ఉంది. దాని మీద నా పేరు, కింద గుండ్రటి చేతిరాతలో నాలుగు వరుసలు. తాడు ఎక్కడ తుడవాలి, ఎంత తీయాలి, ఎన్నిసార్లు తిప్పాలి, ఎవరికి ఇవ్వాలి. మూడు షిఫ్టుల నర్సుల చేతా చదివించి, ఆ కాగితం మీదే సంతకాలు పెట్టించింది ఆవిడ. రిటైరయ్యే రోజు చేసిన ఆఖరి పని అదట.

ఆడపిల్ల పుట్టింది. రెండున్నర కేజీలకు కాస్త తక్కువ. ఏడ్చింది, ఆ తర్వాత నేను ఏడ్చాను.

పన్నెండో రోజు నిదానమ్మ కవరు పట్టుకుని ఇంటికి వచ్చింది. చేతులు కడుక్కుంది. పిల్లను చూసింది, ఎత్తుకోలేదు. కవరు అప్పటికే చింపి ఉంది.

"నీది పంతొమ్మిదికి దిగింది. దీనిది పదిహేను" అంది.

"తక్కువేనా పిన్నీ?"

"తక్కువ కాదు. నీకు తక్కువని అబద్ధం చెప్పను. కానీ నలభై అయితే ఏమయ్యేదో నాకు తెలుసు. ఇది ఇంకా ఎముకలో కుదురుకోలేదు, చాలావరకు రక్తంలోనే ఉంది. దిగుతుంది. దిగేదాకా నేను వస్తూనే ఉంటాను."

వచ్చింది. ఉద్యోగం లేదు, ఎవరూ అడగలేదు, అయినా మూడు నెలలకోసారి ఆస్పత్రికి వచ్చి, ఆ చిన్ని చేతిలో నరం వెతకడం ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది, ఆవిడ నిదానం అనేది. పాలు పట్టొచ్చా అని డాక్టరమ్మను అడిగింది కూడా ఆవిడే. పట్టమన్నారు. తొమ్మిది వచ్చింది, ఆరు వచ్చింది. రెండో ఏడు నిండేసరికి రెండు వచ్చింది.

నేను మళ్ళీ బోర్డులు రాస్తున్నాను. సీసం లేని రంగులు, తడిపి గీకడం, మొనకు తడి స్పాంజీ. మొదట్లో తోకలు వంకరగా దిగేవి, ఇప్పుడు కుదిరాయి. ఊళ్ళో మరో ముగ్గురు బోర్డు రాసేవాళ్ళున్నారు. ముగ్గుర్నీ తిట్టి, లాక్కెళ్ళి రక్తం ఇప్పించాను. ఇద్దరికి ఎక్కువే ఉంది. నా కోపం ఒక మంచి పనికి వచ్చిందని మా ఆయన అంటాడు.

నా కూతురికి ఇప్పుడు నాలుగేళ్ళు. మాటలు ఆలస్యంగా రాలేదు, నడక ఆలస్యంగా రాలేదు. బడిలో అందరికంటే ముందు పోట్లాటకు దిగుతుందని టీచరు కబురు పంపితే, నేను తిట్టాల్సింది పోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. దాని ఎముకల్లో సున్నం నేనిచ్చిందే. ఏ మూలనో రవ్వంత సీసం ఉంటే అదీ నేనిచ్చిందే. చేరాల్సిందంతా చేరకుండా ఆగిందంటే, అది మాత్రం ఆవిడ చలవ.